గంతలకొట్టు

బడులకి ఒంటిపూట పెట్టిన వారంలో, జీడిపిక్కలు ఇంకా పూర్తిగా దిగకముందు, మా మరిది చిట్టిరాజు విశాఖపట్నం నుంచి అట్టపెట్టెలతో వచ్చాడు. నేను బడి నుంచి ఇంటికి వచ్చేసరికి మా ముందుగది వీధి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మా ఆయన పోయాక ఆ తలుపులు తెరవడం అదే మొదలు.

ఆయన ఆ గదిలో టీవీలు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవారు. జగదీశ్వరరావు గారి షాపంటే నర్సీపట్నంలోనే కాదు, రోలుగుంట దాకా, కృష్ణదేవిపేట దాకా తెలుసు. బోర్డు ఉండేది కాదు. చలికాలంలో కిడ్నీలు పాడై విశాఖ ఆస్పత్రిలో చేరారు. తిరిగి రాలేదు. సంవత్సరీకం అయ్యేదాకా ఆ గదిలో ఏదీ కదపకూడదని నేను అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసి వస్తుందని అనుకోలేదు.

చిట్టిరాజు ఆయన పనిబల్లని అప్పటికే మూలకి జరిపేశాడు. ఎవరూ వచ్చి పట్టుకెళ్ళని పాత టీవీలని ఒక్కొక్కటే పెరటి వసారాలోకి మోస్తున్నాడు.

"అమ్మకి సెప్పేను వదినా," అన్నాడు నన్ను చూసి. "పిక్కల సీజన్ అయ్యేదాకానే. తరవాత ఖాళీ సేసెత్తాను."

మా అత్తగారు వరలక్ష్మమ్మ గారు గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. తల ఎత్తలేదు. "ఆడూ నా కొడుకే కదేటి. గది ఊరికే బూజు పట్టడం దేనికి?" అన్నారు.

బూజు పట్టలేదు. ఆదివారాలు లోపలి తలుపు తీసుకుని వెళ్ళి నేను తుడుస్తూనే ఉన్నాను. చెప్పుల జత లోపల పెట్టి అన్నం వార్చడానికి వెళ్ళాను.

చిట్టిరాజు విశాఖలో సెల్‌ఫోన్ల షోరూములో చేసేవాడు. అది మానేసి ఈ హెడ్‌సెట్ల ఏజెన్సీ తీసుకున్నాడు. పట్టీతో తలకి బిగించుకుని కళ్ళ ముందు పెట్టుకునే వస్తువు అది. పెట్టుకుంటే మన గది మనకి కనిపిస్తూనే ఉంటుంది, అందులో లేనివి కూడా కనిపిస్తాయి. గాలిలో టీవీ నిలబడుతుంది. నేల మీద చేపలు ఈదుతాయి. వేలు కదిపితే పక్కకి జరుగుతాయి. ఒక్కొక్కటీ మోటారుసైకిలు కంటే ఖరీదు. పిక్కలు అమ్మిన కాలంలో రైతులు బళ్ళు కొంటారు, ఫ్రిజ్‌లు కొంటారు, ఇదెందుకు కొనరు అని అతని ధీమా.

"ఇంకొన్నేళ్ళు పోతే టీవీలుండవు వదినా. ఫోన్లూ ఉండవు. ఇదొక్కటే ఉంటాది."

"టీవీ వచ్చినప్పుడు రేడియో ఉండదన్నారు."

"ఉందేటి మరి?"

కూర మాడుతోందని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద కూర లేదు.

వీధి గుమ్మం మీద బోర్డు లేచింది. నీలం రంగు మీద తెల్లటి పెద్ద అక్షరాలు, 'మిక్స్‌డ్ రియాలిటీ' అని. అది చూసి మొదట లోపలికి వచ్చినావిడ కృష్ణదేవిపేట నుంచి షేర్ ఆటోలో దిగింది. చంకలో మిక్సీ, సంచిలో గిన్నెలు.

"మళ్ళీ తెరిసేరంట కదా. దీని బ్లేడు తిరగట్లేదు, బేగి సూడు నాయనా."

"ఇక్కడ మిక్సీలు సెయ్యమమ్మా," అన్నాడు చిట్టిరాజు.

"బోర్డు మీద అంత పెద్దగా రాసుకున్నారు కదా."

"అది మిక్సీ కాదమ్మా. మిక్స్‌డ్."

"ఏదైతే ఏటి, తిరగాల కదా. ఆయనుంటే నేను ఇలా కూకుని మంచినీళ్ళు తాగీలోపల సేసీసీవోరు."

లోపలి తలుపు పక్కన నిలబడి నేను ఆవిడ మిక్సీని మళ్ళీ చంకకి ఎత్తుకోవడం చూశాను. తరవాత కూడా మిక్సీలు వస్తూనే ఉన్నాయి. అవి తగ్గుముఖం పట్టాక ఇస్త్రీ చొక్కాల వాళ్ళు మొదలయ్యారు. వాళ్ళు రియాలిటీ అంటే రియల్ ఎస్టేట్ అనుకున్నారు. లేఅవుట్ ఎక్కడ, గజం ఎంత, రోడ్డు ఎన్నడుగులు అని అడిగారు. ఒకాయన హెడ్‌సెట్ పెట్టించుకుని నేల మీద చేపల్ని చాలాసేపు చూసి, "నీళ్ళు నిలిసే స్థలమా ఇది?" అన్నాడు. అత్తగారు కూడా నవ్వారు. నేను నవ్వలేదు.

"వదినా, నువ్వు తెలుగు టీచరివి కదా," అన్నాడు చిట్టిరాజు ఆ రోజు. "దీనికి జనానికి అర్థమయ్యేలాగ మంచి తెలుగు పేరొకటి సెప్పు. బోర్డు మార్పించెత్తాను."

"ఆలోచించి చెబుతాను."

ఆలోచించలేదు. బళ్ళో పిల్లలు 'ఏటి' అని రాస్తే 'ఏమిటి' అని దిద్దడం నా ఉద్యోగం. ఈ వస్తువుకి పేరు పెట్టి దాన్ని మా ఇంటిదాన్ని చేయడం నా ఉద్యోగం కాదు.

జనం రాలేదని అనను. వచ్చారు. ఒంటిపూట బళ్ళు కాబట్టి మధ్యాహ్నాలు నేను ఇంట్లోనే ఉండేదాన్ని. గది మధ్యలో ఒక కుర్చీ. వచ్చినవాళ్ళని చిట్టిరాజు కూర్చోబెట్టి, తలకున్న నూనెని గుడ్డతో తుడిచి హెడ్‌సెట్ తొడిగేవాడు. నోరు తెరుచుకుని చేతులు గాలిలో ఆడించే మనిషిని చూడడానికి గుమ్మంలో పది మంది మూగేవారు. కుర్చీలోంచి లేచినవాళ్ళు బాగుందనే అనేవారు. బాగుందని చెప్పి, చెమట తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు. కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగితే కుర్చీలో ఒక్కరు కూడా కూర్చునేవారు కాదు.

రోలుగుంట దగ్గర్నుంచి తాతబ్బాయి, భార్య సాయిలక్ష్మి వచ్చారు. వాళ్ళకి పెద్ద జీడితోట ఉంది. వాళ్ళ అమ్మాయి మా బళ్ళోనే చదువుతోంది. ముందు తాతబ్బాయి పెట్టుకున్నాడు. హెడ్‌సెట్‌కి ఒక వైరు, వైరు చివర బ్యాటరీ ఉంటుంది, జేబులో వేసుకోవాలి. లుంగీ కట్టుకున్న మనిషికి జేబెక్కడిది? బొడ్లో దోపుకున్నాడు.

"ఓలమ్మ, సేపలే," అని కాళ్ళు కుర్చీ మీదకి తీసుకున్నాడు.

సాయిలక్ష్మికి కొప్పు మీదుగా పట్టీ ఎక్కలేదు. పూలు తీసి మొగుడి చేతిలో పెట్టి, జుట్టు విప్పి జడ వేసుకుని కూర్చుంది. కాసేపటికే తీసెయ్యమంది. తీసేసరికి ఆమె నుదుట బొట్టు లేదు. హెడ్‌సెట్ లోపల నుదురు ఆనే మెత్త మీద ఉంది. అక్కడ అప్పటికే ఇంకెవరివో రెండు బొట్లు అంటుకుని ఉన్నాయి. ఆమె మూడింటినీ చూసి, తనది తీసుకోకుండా వదిలేసింది.

"ఎలాగుందండీ?" అన్నాడు చిట్టిరాజు.

"బాగానే ఉంది బాబూ. నేనేటి సూస్తన్నానో ఒక్కడికీ తెల్దు, నన్ను మాత్రం అందరూ సూస్తన్నారు."

గుమ్మంలో ఉన్న మగవాళ్ళు వీధివైపు తిరిగారు.

"ఇంట్లో అయితే ఎవరు సూస్తారండీ?"

"ఇంట్లో నేనిది పెట్టుకుని కూకుంటే పొయ్యి మీద పాలు ఎవరు సూస్తారు?"

తాతబ్బాయి అడిగాడు: "ఇంటిల్లిపాదికీ ఒకటి సాలద్దా?"

"ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పెట్టుకోవచ్చండి."

"అంటే ఒకళ్ళు సినిమా సూస్తంటే మిగతావోళ్ళం ఆళ్ళ మొకం సూస్తా కూకోవాలన్నమాట."

"మనిషికొకటి తీసుకుంటే…"

"మనిషికో బండి కొన్నా ఇంతవదు బాబూ."

వెళ్ళేముందు సాయిలక్ష్మి గొంతు తగ్గించి చిట్టిరాజుతో అంది: "ఆ పోటో తీసి లోపలెట్టండి. సచ్చిపోయినాయనకి ఎదురుగా కూకోబెట్టి కళ్ళు మూస్తంటే దడొస్తంది నాకు."

పెద్దకర్మ నాడు అత్తగారే ఆ ఫోటోని ఎదురుగోడకి కొట్టించారు. పనిబల్ల ముందు ఆయన తల ఎంత ఎత్తులో ఉండేదో సరిగ్గా అంత ఎత్తులో. ఏడాది తిరిగేదాకా దించకూడదన్నదీ ఆవిడే.

ఆ సాయంత్రం చిట్టిరాజు ఫోటో వైపు చూసి, నా వైపు చూశాడు.

"దించకూడదు," అన్నాను, అతను అడగకముందే.

"దించమనట్లేదు వదినా. ఉండనీ. ఇది పెట్టుకుంటే ఎలాగూ కనపడదు."

మాట అతను మంచిగానే అన్నాడు. నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. "ఓసారి సూడు, నీకే తెలస్తాది," అంటూ తెచ్చి నా తలకి పెట్టాడు. అంతకుముందు నేనెప్పుడూ పెట్టుకోలేదు.

గది కనిపించింది, దోమతెర లోపలినుంచి చూసినట్టు. నా చేతులు కనిపించాయి. స్విచ్చుబోర్డు, కిటికీ, మూలన ఆయన బల్ల, అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఎదురుగోడ మీద సముద్రం ఉంది. అలలు వచ్చి విరిగి వెనక్కి పోతున్నాయి. నేను మెడ తిప్పి కిటికీని చూసి, మళ్ళీ గోడని చూశాను. సముద్రం అక్కడే ఉంది, మేకు కొట్టి తగిలించినట్టు.

"దీన్ని పక్క గోడకి జరపొచ్చా?" అని అడిగాను.

"ఎక్కడికైనా జరపొచ్చు వదినా. వేలితో ఇలా అంటే సాలు."

"మరి జరపలేదేం?"

నేను తీసి అతని చేతికిచ్చాను. అద్దాల మీద చెమ్మ ఉంది. చెమట అనుకుని గుడ్డతో తుడిచాడు.

రెండు రోజులకి తాతబ్బాయి మళ్ళీ వచ్చాడు, ఒక్కడే, ఈసారి ప్యాంటు చొక్కాతో. పిక్కలకి ఆ వారం మంచి రేటు పలికింది. వాళ్ళ బావమరిది కారు కొన్నాడట. ఊళ్ళో ఈ వస్తువు మొదట తన ఇంట్లోనే ఉండాలని నిశ్చయించుకుని వచ్చాడు. చిట్టిరాజు కొత్త పెట్టె సీలు విప్పి ఒక్కొక్కటీ బయటపెట్టాడు. ఆ సీజన్లో అది మొదటి బేరం. అత్తగారు నన్ను పిలిచి కాఫీ తెమ్మన్నారు. తెచ్చాను.

తాతబ్బాయి గ్లాసు అందుకుంటూ లేచి నిలబడ్డాడు. నేను వాళ్ళమ్మాయి టీచర్ని కదా.

"టీచరుగారూ, మీరు సదూకున్నోరు. రేపు ఊళ్ళో అందరూ ఏటి తెచ్చేవురా అనడుగుతారు. ఆ ఇంగ్లీషు నాకు నోరు తిరగదు. దీన్ని మన తెలుగులో ఏటంటారండీ?"

చిట్టిరాజు నా వైపు ఆశగా చూశాడు. చాలా రోజులుగా అతను అడుగుతున్న ప్రశ్నే అది.

"గంతలు," అన్నాను.

నేను మాటల విషయంలో జాగ్రత్తగా ఉండే మనిషిని. అది నోరు జారి వచ్చిన మాట కాదు. తరగతిలో అర్థం అడిగిన పిల్లవాడికి చెప్పినట్టే చెప్పాను, గొంతు పెంచకుండా.

తాతబ్బాయి కాఫీ తాగడం ఆపాడు. ఆ మాటని తనలో తాను ఒకసారి అని చూసుకున్నట్టు పెదవులు కదిలాయి. ఏటి తెచ్చేవురా తాతబ్బాయీ అంటే, గంతలు తెచ్చేను అనాలి. బావమరిది ఎదురుగా అనాలి.

"గంతలంటే, గానుగెద్దుకి కట్టీవోళ్ళం, అయ్యే కదండీ?"

"అవే."

"మ్మ్." గ్లాసు బల్ల మీద పెట్టాడు. బయట తీసిన వస్తువుని తనే ఎత్తి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా పెట్టెలో పెట్టాడు. "మా ఆవిణ్ణి కూడా ఓ మాటడిగి వస్తాను బాబూ. రేపొస్తాను."

రేపు రాలేదు. మాట మాత్రం అతనికంటే ముందు ఊరు చేరింది. వారం తిరిగేసరికి షేర్ ఆటోల వాళ్ళు "గంతలకొట్టు కాడ దిగేవోళ్ళు" అని అరవడం మొదలుపెట్టారు. పిల్లలు చేతులతో కళ్ళు మూసుకుని మా గుమ్మం ముందు తడుముకుంటూ నడిచేవారు. గుమ్మంలో మూగేవాళ్ళు తగ్గారు. ఊరికే చూస్తామని వచ్చేవాళ్ళు కూడా, "మాకూ కడతారేటి గంతలు," అని ఒకళ్ళనొకళ్ళు తోసుకుని నవ్వి వెళ్ళిపోయేవారు. ఇంత ఖరీదైన వస్తువుని రైతులు ఎలాగూ కొనరని, సాయిలక్ష్మి అడిగిన పాల ప్రశ్నకే దాని పని అయిపోయిందని నేను అనుకోవచ్చు. కావచ్చు కూడా. కానీ ఆ ఒక్క పెట్టెనీ మూయించింది నా మాటే.

అత్తగారు నన్ను పెరట్లో పట్టుకున్నారు. నేను బట్టలు ఆరేస్తున్నాను.

"ఇన్నాళ్ళూ నోట్లో నాలుక లేనట్టు తిరిగేవు. నోరిప్పితే ఇదా మాట?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పానండి."

"ఉన్నది ఉన్నట్టంట. నా కొడుకుని సంపీసేవే మాటతో." ఆవిడ అక్కడ ఆగిపోయారు. ఏ కొడుకు గురించి ఏ మాట అన్నారో ఆవిడకే వినబడింది. తీగ మీద తడి చీర అంచు లాగి సరిచేశారు. తరవాత ఇంకా గట్టిగా అన్నారు: "గది నీదనుకుంటన్నావు. ఉంచుకో. ఆ గదినే కట్టుకుని ఊరేగు."

ఆ రోజు నుంచి ఆవిడ నా వంట తినలేదు. ముందుగదిలో చిన్న స్టవ్వు పెట్టుకుని తనకీ చిన్నకొడుక్కీ వండేవారు. నేను లోపల, వాళ్ళు బయట. మధ్య తలుపు నేనూ తీయలేదు, వాళ్ళూ తీయలేదు. ఒకే ఇంట్లో రెండు పోపుల వాసన వచ్చేది. పక్కవాళ్ళు అడిగితే ఎండలకి అని చెప్పాను.

పిక్కలు అయిపోయాయి. బడులు తెరిచే వారంలో ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. నిచ్చెన చప్పుడైతే తలుపు తీసి చూశాను. చిట్టిరాజు బోర్డు దించేశాడు. అట్టపెట్టెలు సర్దుతున్నాడు. అత్తగారు అప్పటికే వీధిలో ఆటోలో కూర్చున్నారు, ఒళ్ళో బట్టల సంచి పెట్టుకుని. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. ఆవిడ కూడా గాజువాకలో చిట్టిరాజు ఇంటికి వెళ్ళిపోతున్నారని అలా తెలిసింది నాకు.

"గది తుడిసేను," అన్నాడు చిట్టిరాజు. "బల్ల ఉన్న సోటుకి జరిపేను. సూసుకో."

చూశాను. ఉన్న చోటికే జరిపాడు.

"నీకు అమ్మకం పోయిందని నాకు సంతోషమేం లేదు," అన్నాను. "ఆ మాట అన్నందుకు బాధా లేదు. గది అడగకుండా తెరిచావు."

"అడిగేను వదినా."

"అత్తయ్యగారిని."

"అన్నయ్యని." అతను పెట్టె మూతలు మడుస్తున్నాడు, తల ఎత్తలేదు. "ఆస్పత్రిలో. కంపెనీవోళ్ళు శాంపిల్ ఇస్తే సూపిద్దామని పట్టుకెళ్ళేను. అన్నయ్యకి ఇలాటియ్యంటే ఇష్టం కదా. విప్పి సూడొచ్చేటిరా అనడిగేడు ముందు. గది ఇస్తాను, పిక్కల సీజన్లో పెట్టు, మీ వదిన మాత్రం ఒప్పుకోదు అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే, గది కోసం పోయినోడి మాట వాడుకున్నట్టుంటాది." మూత నొక్కిపట్టి తాడు కోసం చుట్టూ చూశాడు. "నువ్వు నమ్మీదానివి కాదు కూడాను."

నమ్మి ఉండేదాన్ని కాదు. ఆటోవాడు హారన్ కొట్టాడు.

"నేనెక్కడున్నాను అప్పుడు?"

"అక్కడే. బోజనాలయ్యేక. మంచం పక్కన కుర్సీలో నిద్దరోతన్నావు."

"ఆయన పెట్టుకుని ఏం చూశారు?"

"ఏటీ సూళ్ళేదు. సేపలెట్టనా, సినిమా ఎట్టనా అంటే ఏటీ వద్దన్నాడు. ఊరికే పెట్టుకుని నీకేసి తిరిగేడు. సాలాసేపు సూసేడు. ఇందులోంచి సూసినా మీ వదిన అలాగే ఉందిరా, నిద్దట్లో కూడా ఎవడి తప్పో దిద్దుతన్నట్టే ఉంది మొకం, అని నవ్వేడు. నిన్ను లేపెత్తానంటే లేపనివ్వలేదు."

చినుకులు మొదలయ్యాయి. అత్తగారు ఆటోలోంచి, "తడిసిపోతాయిరా, బేగి రా," అన్నారు.

అతనికి తాడు దొరికింది. ఒక్కచేత్తో మూత నొక్కి పట్టుకుని రెండో చేత్తో ముడి వేయబోతే జారిపోతోంది. నేను వెళ్ళి తాడు రెండో కొస పట్టుకున్నాను. అతను ముడి వేసేదాకా గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఉండిపొమ్మని మాత్రం అనలేదు.